ఒక్కరోజు అక్కలు కాదు, ఏడాది అక్కలు కావాలి

ముందే చెప్పేస్తున్నాను. నాది నర్సరీ నుంచి ఇంగ్లీషు మీడియం. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు తప్పితే క్షమించండి, విషయం మాత్రం చివరిదాకా చదవండి.

పోయిన వేసవి సెలవులకి అమలాపురం దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. పక్కింటి అమ్మాయి అప్పుడే పదో తరగతి పాసైంది. గవర్నమెంటు హైస్కూలు, 600కి 571 మార్కులు. బడి గేటుకి తన ఫోటోతో ఫ్లెక్సీ కూడా కట్టారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉంటే వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు కదా. చదివాక ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు?"

"కోడింగ్" అన్నాను.

"అంటే?"

నాకు చెప్పడం రాలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఒక్క ఆఫీసు కూడా లోపలికెళ్ళి చూడలేదు. మాట మార్చడానికి "నూజివీడు ట్రిపుల్ ఐటీకి అప్లై చేశావా?" అని అడిగాను. "అదేంటక్కా?" అంది. ఫోను తీసి చూస్తే చివరి తేదీ దాటి వారం అయ్యింది.

పదో తరగతి మార్కుల మీదే సీటు ఇచ్చే చోటు అది. వేరే ఎంట్రన్సు పరీక్ష లేదు. ఇంటరు, బీటెక్ కలిపి ఆరేళ్ళు అక్కడే. 571 మార్కులున్న పిల్లకి ఆ పేరే తెలీదు. ఆ తేదీ మాత్రం నా ఫోనులో రెండు వాట్సాప్ గ్రూపుల్లో ఉంది. నాకు అవసరం లేదు కాబట్టి చూసి పైకి తోసేశాను.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ పిల్లకి తెలివి ఉంది, మార్కులు ఉన్నాయి, అమ్మానాన్నలకి చదివించాలనీ ఉంది. లేనిదల్లా అడగడానికి ఒక మనిషి. ఈ వ్యాసం ఆ మనిషి గురించి.

మెంటరింగ్ అంటే ఏది, ఏది కాదు

దీనికి మంచి తెలుగు మాట ఏంటని మా అమ్మని అడిగితే "మార్గదర్శి" అంది. మా ఇంట్లో ఆ మాట అనగానే నాన్నగారు చీటీ డబ్బుల గురించి మాట్లాడతారు. అందుకని ఈ వ్యాసంలో "అక్క" అనే అంటాను. మన వైపు పిల్లలు నిజంగా వాడే మాట అదే కదా.

మెంటరింగ్ అంటే ట్యూషన్ కాదు. లెక్కలు చెప్పడానికి మాస్టారు ఉన్నారు. మోటివేషన్ స్పీచి కూడా కాదు. "కలలు కనండి" అని మైకులో చెప్పి వెళ్ళిపోతే కలకి అప్లికేషన్ ఎక్కడ దొరుకుతుందో తెలీదు. ఆ దారిలో మన కంటే నాలుగడుగులు ముందు నడిచిన మనిషి, వెనక్కి తిరిగి "ఇక్కడ గొయ్యి ఉంది, ఇటు రా" అని చెప్పడమే మెంటరింగ్. అదీ ఒక్కసారి కాదు, కొన్నాళ్ళపాటు క్రమం తప్పకుండా.

మన ఇళ్ళల్లో అబ్బాయిలకి ఈ పని ఊరే చేసిపెడుతుంది. టీ కొట్టు దగ్గర, క్రికెట్ గ్రౌండులో, గుడి మెట్ల మీద ఎవడో ఒక అన్న దొరుకుతాడు. హైదరాబాదులో ఏ హాస్టల్ చవక, ఏ కోర్సుకి ఉద్యోగం వస్తుంది, ఏ ఏజెంటు మోసగాడు, అన్నీ అక్కడే తెలిసిపోతాయి. ఆడపిల్ల బడి నుంచి తిన్నగా ఇంటికి రావాలి. ఇంట్లో అమ్మ, పిన్ని, అమ్మమ్మ. వాళ్ళకి ప్రేమ ఉంది, కానీ ఆ దారి వాళ్ళు నడవలేదు.

నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళని చూడండి. జర్మన్ రచయిత్రి మరియా మీస్ వాళ్ళ మీద 1982లో ఒక పుస్తకం వేసింది. రోజుకి గంటల తరబడి అల్లుతారు, ఆ లేసు విదేశాలకి వెళ్తుంది. అయినా వాళ్ళని అందరూ "ఇంట్లో ఖాళీగా ఉండేవాళ్ళు" అనే లెక్క వేశారని అందులో రాసింది. ఇంట్లో జరిగే పనినే పని అనుకోకపోతే, ఆ ఇంట్లో పిల్లకి ఉద్యోగం అంటే ఏంటో ఎవరు చెప్తారు?

ఇది మన గోదావరికి కొత్త కాదు

ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన టైములో ఆడపిల్లల చదువు కోసం పనిచేయడం అనేది కార్పొరేట్ కంపెనీలు కనిపెట్టింది కాదు. 1874లో కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బడి ప్రధానోపాధ్యాయుడు. అదే ఊళ్ళో ఆ ఏడే ఆడపిల్లల కోసం బడి పెట్టారు. తర్వాత రాజమండ్రిలో తెలుగు పండితుడి ఉద్యోగం చేస్తూనే పత్రిక నడిపారు. 1883లో ఆడవాళ్ళ కోసమే సతీహితబోధిని అనే పత్రిక మొదలెట్టారు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం గురించి మనం బళ్ళో చదువుకున్నాం. అందులో చేతులు వేసినవాళ్ళ గురించి మాత్రం పెద్దగా చదవలేదు. డబ్బు కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య గారు ఇచ్చారు. ఊరు వెలివేసినప్పుడు వీరేశలింగం గారి వెంట నిలబడింది ఆయన దగ్గర చదువుకునే కుర్రాళ్ళు. అంటే ఒక ఉద్యోగి, ఒక వ్యాపారి, కొంతమంది స్టూడెంట్లు. టైము ఒకళ్ళది, డబ్బు ఒకళ్ళది, కాళ్ళూ చేతులూ మనలాంటి వాళ్ళవి. ఇవాళ మనకి కావాల్సిన టీము కూడా సరిగ్గా అదే.

రెండో కథ దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిది. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. బడిలో ఇంగ్లీషు మీడియం రుద్దుతున్నారని పన్నెండేళ్ళకి బడి మానేశారట. (ఇది చదివి నేను కాసేపు తల వంచుకున్నాను.) తను హిందీ నేర్చుకుని, ఆ చిన్న వయసులోనే మన వైపు ఆడపిల్లల కోసం బాలికా హిందీ పాఠశాల మొదలెట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో వాలంటీరుగా ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర నిలబడి, టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపిన అమ్మాయి ఈవిడే. అప్పటికి పద్నాలుగేళ్ళు.

నాకు నచ్చింది ఆ తర్వాత కథ. ఆగిపోయిన చదువుని పెద్దయ్యాక మళ్ళీ పట్టుకున్నారు. మెట్రిక్ ప్రైవేటుగా కట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో డిగ్రీ చేసి, మద్రాసులో లాయరయ్యారు. తను దాటిన ఆ కష్టమైన మెట్రిక్ పరీక్షకే వేరే అమ్మాయిలని తయారు చేయడం మొదలెట్టారు. 1937లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర మహిళా సభకి అదే పునాది. తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 1958లో, మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళ కోసం సంక్షిప్త కోర్సులు దేశమంతా మొదలయ్యాయి. ఒక మనిషి దాటిన గోతిని వందలమందికి మెట్టుగా మార్చడం అంటే ఇదే.

ఆఫీసుల్లో ఉన్నవాళ్ళే ఎందుకు?

టీచర్లు ఉన్నారు కదా, మళ్ళీ ఉద్యోగులెందుకు అని మీరు అడగొచ్చు. టీచరుకి సిలబస్ తెలుసు. సిలబస్ అయ్యాక ఏముంటుందో రోజూ చూసేది ఉద్యోగం చేసేవాళ్ళు.

దీని మీద మన దేశంలోనే జరిగిన రెండు పరిశోధనలు చెప్తాను. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో కొన్ని పల్లెలని లాటరీ పద్ధతిలో ఎంచుకుని, మూడేళ్ళపాటు బీపీఓ ఉద్యోగాలకి మనుషుల్ని తీసుకునే రిక్రూటర్లని అక్కడికి పంపే ఏర్పాటు చేశాడు. అక్కడ అమ్మాయిలకి ఏ ఉద్యోగాలున్నాయి, ఏం అర్హత కావాలి, ఇంటర్వ్యూ ఎలా ఉంటుంది అనేది చెప్పారు. ఫలితాలు 2012లో వచ్చాయి. రిక్రూటర్లు వెళ్ళని ఊళ్ళతో పోలిస్తే అక్కడి అమ్మాయిల పెళ్ళిళ్ళు, కాన్పులు వెనక్కి జరిగాయి. ఉద్యోగాలు, పై చదువులు పెరిగాయి. ఇంకా బడికెళ్ళే వయసు ఆడపిల్లలు బళ్ళో ఉండటం కూడా పెరిగింది. ఉద్యోగం ఉందన్న కబురు మనిషి ద్వారా ఊళ్ళోకి వచ్చేసరికి తల్లిదండ్రుల లెక్కే మారిపోయింది.

రెండోది పశ్చిమ బెంగాల్‌ది. పంచాయతీల్లో ఆడవాళ్ళకి సీట్లు రిజర్వు చేసిన ఊళ్ళని లోరి బీమన్, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు పరిశీలించి అదే 2012లో ప్రచురించారు. వరసగా రెండుసార్లు మహిళా ప్రధాన్ ఉన్న ఊళ్ళల్లో, పెద్దయ్యాక ఏమవ్వాలి అనే ఆశల్లో అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఉండే తేడా పిల్లల మనసులో 32 శాతం తగ్గింది. చదువులో తేడా పూర్తిగా పోయింది. కళ్ళ ముందు ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని పని చేయడం చూడటమే చాలా మార్చిందన్నమాట.

ఇక్కడ మనం ఒక పొరపాటు చేస్తాం. ఆఫీసు అనగానే మనకి హైటెక్ సిటీ గుర్తొస్తుంది. డెల్టాలో ఉద్యోగాలు లేవా? రాజమండ్రిలో ఓఎన్‌జీసీ ఉంది, పేపరు మిల్లు ఉంది. కడియంలో నర్సరీల లెక్కలు చూసేవాళ్ళున్నారు. భీమవరం వైపు రొయ్యల ల్యాబుల్లో నీళ్ళు పరీక్ష చేసే అమ్మాయిలున్నారు. ప్రతి మండలంలో బ్యాంకు, పోస్టాఫీసు, పీహెచ్‌సీ, కరెంటు సబ్‌స్టేషన్ ఉన్నాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇరిగేషన్ ఇంజినీర్లున్నారు. వీళ్ళలో ఆడవాళ్ళు చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎదిగి వచ్చినవాళ్ళే. పదో తరగతి పిల్లకి గూగుల్ ఇంజినీరు కంటే, తన లాగే సైకిల్ మీద బడికెళ్ళి ఇవాళ పక్క ఊరి బ్యాంకులో మేనేజరైన ఆవిడ ఎక్కువ నమ్మకం ఇస్తుంది. దూరంగా ఉన్న హైదరాబాదు, బెంగుళూరు, డల్లాస్ అక్కలు ఫోనులో ఆ తర్వాత తోడవ్వొచ్చు.

ఒక్కరోజు వాలంటీర్లతో ప్రమాదం

నేను చూసిన ఒక సంగతి చెప్తాను, పేర్లొద్దు. మా బంధువులమ్మాయి చదివే బడికి ఒక కంపెనీ వాళ్ళు బస్సులో వచ్చారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు. పిల్లలకి బ్యాగులు పంచారు, ఆటలాడించారు, సెల్ఫీలు దిగారు. ఒక వాలంటీరు ఈ పిల్లతో చాలాసేపు మాట్లాడి, "నీకేం కావాలన్నా నాకు ఫోను చెయ్యి తల్లీ" అని నంబరిచ్చింది. పిల్ల మూడుసార్లు చేసింది. ఎత్తలేదు. ఆవిడ చెడ్డది కాదు, పనిలో పడి మర్చిపోయి ఉంటుంది. పిల్ల మాత్రం "నేనేమైనా తప్పు మాట్లాడానా?" అని వాళ్ళమ్మని అడిగింది.

ఇది ఆ ఒక్క పిల్ల బాధే అనుకోకండి. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అని వందేళ్ళు దాటిన సంస్థ ఉంది. ఒక్కో పిల్లకి ఒక్కో వాలంటీరుని జత చేస్తారు. ఆ జతల మీద గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. వెయ్యిమందికి పైగా పిల్లలని చూశారు. ఏడాది, ఆపైన నిలిచిన జతల్లో పిల్లలకి ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జతల్లో పిల్లలకి తమ మీద తమకున్న విలువ తగ్గింది. అంటే మధ్యలో వదిలేసే సాయం సున్నా కాదు, మైనస్.

అందుకే "మెంటరింగ్ పెంచాలి" అన్నప్పుడు ఎంతమంది వాలంటీర్లు వచ్చారు అని లెక్కపెట్టడం తప్పు. పన్నెండో నెలలో ఎంతమంది ఇంకా వస్తున్నారు అనేదే లెక్క.

మరి ఎలా పెంచాలి?

చదివినవీ, మా మేనత్త (బ్యాంకు ఉద్యోగి), మా సీనియర్లు చెప్పినవీ కలిపి ఒక పద్ధతి రాస్తున్నాను.

మొదటిది, తక్కువ మాటివ్వాలి, ఇచ్చింది నిలబెట్టుకోవాలి. రెండు వారాలకి ఒక గంట, జూన్ నుంచి ఏప్రిల్ దాకా. బడి క్యాలెండరుతో మొదలై బడి క్యాలెండరుతో ముగియాలి. ఏడాది ఉండలేనివాళ్ళు ముందే చెప్పి, అప్లికేషన్లు నింపించడం లాంటి ఒక్కరోజు పనులు చేస్తే చాలు. అదీ గొప్ప సాయమే.

రెండోది, ఒకరికి ఒకరు కాకుండా ఒకరికి నలుగురు. ఇద్దరు అక్కలు ఎనిమిదిమంది పిల్లలతో ఒకే గదిలో కూర్చుంటే, ఒకావిడకి ఆడిట్ పడినా రెండో ఆవిడ ఉంటుంది. పిల్లలకి సిగ్గు కూడా తగ్గుతుంది. పదిమంది ఉద్యోగులున్న చిన్న ఆఫీసు నుంచి ఇద్దరు చాలు, ఎనిమిదిమంది పిల్లలకి ఏడాది గడుస్తుంది.

మూడోది, భద్రత. ఇది మొహమాటపడే విషయం కాదు. పెద్దవాళ్ళు పిల్లలతో కలిసే చోట నియమాలు ఉండాల్సిందే. బడి ఆవరణలోనే కలవాలి, తలుపు తెరిచే ఉండాలి, టీచరు అందుబాటులో ఉండాలి. విడిగా రాత్రిపూట మెసేజిలు వద్దు. టీచరో తల్లో ఉన్న గ్రూపులోనే మాట్లాడాలి. తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి. పిల్ల ఏదైనా వేధింపు గురించి చెప్తే దాచకుండా ఎవరికి చెప్పాలో, చైల్డ్‌లైన్ 1098 ఏంటో, పోక్సో చట్టం ఏం చెప్తుందో అక్కలకి ముందే నేర్పాలి. మగ ఉద్యోగులు రావొచ్చా? తప్పకుండా రావాలి. తన పని గురించి గదిలో అందరికీ చెప్పొచ్చు, నాన్నలతో మాట్లాడొచ్చు. మా ఊళ్ళల్లో నాన్నని ఒప్పించాలంటే ఇంకో నాన్న మాటే పనిచేస్తుంది.

నాలుగోది, ఏం మాట్లాడాలో ఒక వరస ఉండాలి. జూలైలో "నా ఉద్యోగంలో ఒక రోజు". సెప్టెంబరులో పదో తరగతి తర్వాత ఉన్న దారులు: ఇంటరు, పాలిటెక్నిక్, ఐటీఐ, ట్రిపుల్ ఐటీ. నవంబరులో డబ్బు: ఫీజెంత, బస్సు పాసెంత, ఏ స్కాలర్‌షిప్ ఎవరికి. ఉదాహరణకి ఏఐసీటీఈ వాళ్ళ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల్లో, డిప్లొమా లేదా ఇంజినీరింగులో చేరిన అమ్మాయిలకి ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. మన క్లాసులోనే ఇది తెలీనివాళ్ళు ఎంతమందో చేతులెత్తించి చూడండి. జనవరిలో ఒకసారి అమ్మలని ఆఫీసుకి తీసుకెళ్ళాలి. పిల్ల కూర్చోబోయే కుర్చీ, భోజనాల గది, ఆడవాళ్ళ టాయిలెట్, ఇంటికొచ్చే బస్సు, ఇవన్నీ అమ్మ కళ్ళారా చూస్తే సగం భయం పోతుంది.

ఐదోది, కంపెనీ చేయాల్సింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. చదువు, స్త్రీ పురుష సమానత్వం ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి డబ్బుకి దారి ఉంది. వాలంటీరుకి కావాల్సింది ఇంకోటి: పనివేళల్లో రెండు గంటల పర్మిషన్, ఆటో ఖర్చులు, రిజిస్టరు చూసే ఒక మనిషి. ఆదివారం ఇంటి పనులన్నీ మీదున్న ఆడ ఉద్యోగిని "సేవాభావంతో రండి" అంటే రెండు నెలలు వస్తుంది, మూడో నెల రాలేదు. తప్పు ఆవిడది కాదు.

మనం ఎక్కడున్నాం?

"మనకే ఉద్యోగాల్లేవు, మనమేం చేస్తాం?" అని మా రూమ్మేట్ అడిగింది. మంచి ప్రశ్నే. కానీ 1881లో వీరేశలింగం గారి వెంట నిలబడిన కుర్రాళ్ళకీ ఉద్యోగాల్లేవు.

మనం మధ్యలో మెట్టు. ఉద్యోగం చేసే అక్కకి ముప్పై ఏళ్ళు, బడి పిల్లకి పదిహేను. మనకి పంతొమ్మిది. ఆ పిల్ల అక్కని అడగలేనిది మనల్ని అడుగుతుంది. అందుకని మన కాలేజీకి దగ్గర్లో ఉన్న రెండు హైస్కూళ్ళతో, మన పాత విద్యార్థినుల్లో ఉద్యోగాలు చేస్తున్న ఓ పదిమందితో మొదలెట్టొచ్చు. తేదీల క్యాలెండరు తెలుగులో తయారు చేయడం, గది బుక్ చేయడం, ఎవరు రాలేదో ఫోను చేసి కనుక్కోవడం మన పని. ఆ పిల్లలు ఇంటర్‌కి వెళ్ళాక వాళ్ళలో ఇద్దరు తిరిగి తమ బడికే వచ్చి తొమ్మిదో తరగతి వాళ్ళతో కూర్చుంటే, అప్పుడు ఇది నిజంగా పెరిగినట్టు. దుర్గాబాయి గారు చేసిన పని అదే. కాలవకి నీళ్ళు పై నుంచే వస్తాయి, కానీ పొలం నుంచి పొలానికి పారితేనే చివరి మడి తడుస్తుంది.

571 మార్కుల అమ్మాయి ఇప్పుడు అమలాపురంలో ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. రెండు ఆదివారాలకి ఒకసారి సాయంత్రం ఐదింటికి వాళ్ళమ్మ ఫోనుకి చేస్తాను. మిడ్ ఎగ్జామ్స్ అప్పుడు ఒకసారి తప్పాను, తర్వాతి రోజు చేసి సారీ చెప్పాను. పోయిన నెల మా మేనత్తని కూడా కాల్‌లో కలిపాను. ఆవిడ లోన్ కౌంటరులో తన రోజు ఎలా గడుస్తుందో ముప్పావుగంట చెప్పింది. అంతా విన్నాక ఆ పిల్ల అడిగింది:

"ఆంటీ, మీ బ్యాంకులో కంప్యూటర్ ఆగిపోతే బాగుచేసేది ఎవరు? ఆ పని అమ్మాయిలు చేస్తారా?"

మా మేనత్త ఒక్క క్షణం ఆలోచించి, "మా బ్రాంచికి ఇంతవరకూ ఎవరూ రాలేదమ్మా. నువ్వు వస్తావా?" అంది.

అవతల నుంచి నవ్వు వినిపించింది. తర్వాత వాళ్ళమ్మ గొంతు: "దానికేం చదవాలో కాస్త చెప్పండి, రాసుకుంటాను."